పాత ఫోర్డ్ ఎఫ్-250లో 12 వాల్వుల కమిన్స్ డీజిల్ ఇంజిను ఎక్కించడం ఎలా

అమెరికాలో పాత పికప్ ట్రక్కుకి డీజిల్ ఇంజిను వేయాలనుకున్నవాళ్ళు ఎక్కడెక్కడ వెతికినా ఎక్కువమంది చివరికి చేరేది ఒక్కచోటికే: 1989 నుంచి 1998 మధ్య వరకు డాడ్జ్ పికప్పుల్లో వచ్చిన 5.9 లీటర్ల కమిన్స్ 6బీటీ. వరసగా ఆరు సిలిండర్లు, 102 మి.మీ. బోరు, 120 మి.మీ. స్ట్రోకు, సిలిండరుకి రెండేసి వాల్వులు. నడవడానికి కంప్యూటరు అక్కర్లేదు. విజయవాడ ఆటోనగర్‌లో చేయి తిరిగినవారికి ఇదేమీ కొత్త ఇంజిను కాదు. 1993లో ఏర్పడిన టాటా కమిన్స్ జంషెడ్‌పూర్‌లో తయారుచేసి టాటా లారీలకి ఇచ్చినది ఈ కుటుంబంలోదే. కానీ లారీ ఇంజినుకి ఫ్లైవీల్ హౌసింగు, సంపు, పంపు సెట్టింగు లారీకి తగ్గట్టు ఉంటాయి. పికప్పుకి పికప్పు ఇంజినే వెతకండి.

ఇక్కడ తీసుకున్న బండి 1980-97 మధ్య వచ్చిన ఫోర్డ్ ఎఫ్-250, పెట్రోలు ఇంజినుది. ఇంజినును దించి బిగించడం ఈ పనిలో చిన్న భాగం. సగంలో ఆగిపోయి షెడ్డులో దుమ్ము పట్టే బండ్లు ఆగేది ఇంజిను దగ్గర కాదు. గేరు రేషియో, బ్రేకుల వ్యాక్యూమ్, డీజిల్ రిటర్న్ లైను, ముందు ఇరుసు మీద పడే బరువు లాంటి వాటి దగ్గరే. అందుకే ఇందులో ఎక్కువ మాట వాటి గురించే.

ముందు కాగితాలు

బండి తలుపు అంచున ఉన్న స్టిక్కరు చదవండి. అందులో జీవీడబ్ల్యూఆర్ అని ఉండే మొత్తం బరువు పరిమితి 8,500 పౌండ్లు దాటి ఉండాలి. దానికి లోపు ఉంటే బండి లైట్ డ్యూటీ కింద లెక్క, 6బీటీ హెవీ డ్యూటీ ఇంజిను. హెవీ డ్యూటీ ఇంజినును లైట్ డ్యూటీ బండిలో వేయడాన్ని ఫెడరల్ పర్యావరణ సంస్థ ఈపీఏ ఒప్పుకోదు. ఎఫ్-250 రెండు రకాలుగానూ వచ్చింది కాబట్టి పేరు చూసి మోసపోవద్దు.

రెండో నియమం ఏడాది. ఇంజిను మోడల్ సంవత్సరం బండిది గానీ, అంతకంటే కొత్తది గానీ అయి ఉండాలి. 1987 బండిలో 1995 ఇంజిను వేయవచ్చు. 1996 బండిలో 1990 ఇంజిను వేయకూడదు. ఇంజిను తీసిన డోనర్ బండికి కేటలిటిక్ కన్వర్టర్ ఉంటే అదీ ఇంజినుతోపాటే రావాలి. రాష్ట్రాల నియమాలు వేరు. కాలిఫోర్నియాలో 1976, ఆ తర్వాతి పెట్రోలు బండికి ఇంజిను మారిస్తే రాష్ట్రం తరఫున పొగ తనిఖీ చేసే రెఫరీ కేంద్రానికి తీసుకెళ్ళాల్సిందే. మీ రాష్ట్రంలో టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద ఇంధనం రకం మార్పించాలా, ఇన్సూరెన్సుకి చెప్పాలా అన్నది ఇంజినుకి డబ్బు కట్టకముందే కనుక్కోండి.

ఏ ఇంజిను

1989-93 ఇంజిన్ల మీద బాష్ వీఈ రోటరీ పంపు ఉంటుంది. 1994-98 ఇంజిన్ల మీద బాష్ పీ7100 ఇన్‌లైన్ పంపు. వీఈ ఇంజిను 160 హార్స్‌పవర్, 400 పౌండ్-అడుగుల టార్కు ఇస్తుంది. పీ7100 ఇంజిన్లలో మాన్యువల్ గేర్‌బాక్సుతో చివరి రెండు మూడేళ్ళు వచ్చినవి 215 హార్స్‌పవర్, 440 పౌండ్-అడుగులు. ధరలో తేడా బాగా ఉంటుంది. ట్రెయిలరు లాగడానికి, రోజూ తిరగడానికి వీఈ చాలు. పంపు విప్పి పవరు పెంచాలన్న కోరిక ఉంటేనే పీ7100కి ఎక్కువ డబ్బు పెట్టండి. వీఈలో 1991 మధ్య తర్వాతివి ఇంటర్‌కూలరుతో వచ్చాయి, అవి దొరికితే మంచిది.

1998 మధ్యనుంచి వచ్చిన 24 వాల్వుల ఇంజిను చవగ్గా దొరికినా ఈ పనికి వద్దు. దాని వీపీ44 పంపు ఎలక్ట్రానిక్. కింద ఫీడ్ పంపు నీరసిస్తే చెప్పాపెట్టకుండా పోతుంది. వైరింగు మొత్తం మోసుకు రావాలి.

ఒట్టి ఇంజిను కొనకండి, వీలైతే గుద్దుకున్న డాడ్జ్ బండి మొత్తం కొనండి. ఫ్యాన్ హబ్బు, వ్యాక్యూమ్ పంపు, ఇంటర్‌కూలరు, పైపులు, బ్రాకెట్లు, యాక్సిలరేటర్ లింకేజి, సెల్ఫు కేబుళ్ళు ఒక్కోటీ విడిగా కొంటే ఇంజినంత ఖర్చు తేలుతుంది. మిగిలిన బండిని పార్టులుగా అమ్ముకోవచ్చు.

కొనేముందు ఇంజినును చల్లగా ఉండగా స్టార్టు చేయించండి. అమ్మేవాడు ముందే వేడిచేసి ఉంచితే ఇంకోరోజు రండి. నడుస్తుండగా ఆయిల్ మూత విప్పి తలకిందులుగా రంధ్రం మీద పెట్టండి. కాస్త వణికితే ఫర్వాలేదు, ఎగిరి పడితే రింగులు అరిగినట్టు. వేడెక్కాక ఆయిల్ ప్రెషరు ఐడిల్‌లో 10 పీఎస్ఐ, 2,500 ఆర్పీఎమ్ దగ్గర 30 పీఎస్ఐ కన్నా తగ్గకూడదు. గేర్ కేసు మీద ఉండే ప్లేటు మీది సీపీఎల్ నంబరు (ఆ ఇంజిను పార్టుల జాబితా నంబరు) రాసుకోండి. ఏ పార్టు కొన్నా అదే ఆధారం.

గేర్‌బాక్సు, వెనక రేషియో

పెట్రోలు ఇంజిను నాలుగు వేలు తిరుగుతుంది. ఈ కమిన్స్ గవర్నరు దాదాపు 2,500-2,700 దగ్గర గొంతు పట్టుకుంటుంది. పాత నాలుగు గేర్ల బాక్సు, వెనక డిఫరెన్షియల్‌లో 4.10 రేషియో క్రౌన్ ఉన్న బండిలో ఏం జరుగుతుందో లెక్క చూడండి. 235/85ఆర్16 టైరు ఎత్తు దాదాపు 31.7 అంగుళాలు. మైళ్ళ వేగాన్ని 336తో, రేషియోతో గుణించి టైరు ఎత్తుతో భాగిస్తే ఆర్పీఎమ్ వస్తుంది. 65 మైళ్ళ వేగానికి డైరెక్టు గేరులో 4.10తో 2,825 వస్తుంది. అంటే హైవే వేగానికి ఈ బండి చేరనే చేరదు. అదే 0.76 ఓవర్‌డ్రైవు (ఇంజిను కంటే షాఫ్టును వేగంగా తిప్పే పై గేరు) ఉంటే 2,147. వెనక 3.55 ఉంటే 1,860 చుట్టూ. ఈ ఇంజిను హాయిగా నడిచేది 1,700-2,100 మధ్య. కాబట్టి ఓవర్‌డ్రైవు తప్పనిసరి. క్రౌన్ రేషియో 3.55 అయితే బాగుంటుంది, 4.10 అయినా ఓవర్‌డ్రైవుతో బతకవచ్చు.

మీకు రెండు దారులు. మొదటిది ఫోర్డు సొంత ఐదు గేర్ల జడ్‌ఎఫ్ బాక్సు, మధ్యలో అడాప్టర్ ప్లేటు. ఇందులో బాక్సు, క్రాస్ మెంబరు, జాయింట్ షాఫ్టు, స్పీడోమీటరు, క్లచ్ హైడ్రాలిక్కు అన్నీ ఫోర్డువే ఉండిపోతాయి. ఈ బాక్సుకి బెల్ హౌసింగు కేసుతో కలిసే పోత పోసి ఉంటుంది. పెట్రోలుదీ డీజిలుదీ బోల్టుల వరస వేరు, అడాప్టరు ఏ బాక్సుకో ఖాయం చేసుకునే కొనండి. ఎస్5-42 అన్నది 420 పౌండ్-అడుగులకి, తర్వాతి ఎస్5-47 అన్నది 470కి రేటయింది. అందులో పోయాల్సింది ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సు నూనె. ఫ్యాక్టరీ డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ వాడకండి, అడాప్టరుతో వచ్చే ఘన ఫ్లైవీల్ వేయండి.

రెండోది డాడ్జ్ ఎన్‌వీ4500 బాక్సునే ఇంజినుతో కలిపి తేవడం. అడాప్టరు గొడవ ఉండదు గానీ వెనక క్రాస్ మెంబరు, షాఫ్టు పొడవు, క్లచ్ స్లేవు బ్రాకెట్టు మార్చాలి. దీని పేరు మోసిన జబ్బు ఐదో గేరు నట్టు వదులవడం. ఐదో గేరు పనిచేయడం ఆగిపోతుంది. బాక్సు బల్ల మీద ఉన్నప్పుడే వెనక భాగం విప్పి ఆ నట్టు చూడండి, రిపేరు నట్టు వేయించండి. ఇందులో జీఎల్-4 గ్రేడు సింథటిక్ గేరు నూనె 75డబ్ల్యూ-90 మాత్రమే పోయాలి. జీఎల్-5 పోస్తే సింక్రోనైజరు రింగులు దెబ్బతింటాయి.

నాలుగు చక్రాలు లాగే బండి అయితే ముందు షాఫ్టు ఏ పక్కన వస్తుందో చూసుకోండి. ఫోర్డుది డ్రైవరు పక్కన. ఆ పక్కన రాని ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు చక్రాలకి బలం పంచే గేర్ల డబ్బా) ఎంత బాగున్నా మీకు పనికిరాదు. ఆటోమేటిక్ ఆలోచన ఉంటే టార్క్ కన్వర్టరు కూడా మార్చాలి. పెట్రోలు కన్వర్టరు పట్టుకునే ఆర్పీఎమ్ డీజిలుకి మరీ ఎక్కువ.

ఇంజిను స్టాండు మీద ఉండగానే

ఇది వదిలేస్తే మిగతా అంతా వృథా: 12 వాల్వుల ఇంజిన్లలో గేర్ కేసును బ్లాకుకి గురిపెట్టే ఉక్కు డోవెల్ పిన్ను ఒకటి ఉంటుంది. వైబ్రేషనుకి అది ఏళ్ళు గడిచాక మెల్లగా జారి టైమింగ్ గేర్ల మధ్య పడుతుంది. అదృష్టం ఉంటే కేసు పగిలి ఆయిల్ కారుతుంది, లేకపోతే గేర్లు, క్యాము పోతాయి. అందుకే దీనికి అక్కడ కిల్లర్ డోవెల్ పిన్ అని పేరు. మందు చిన్నదే. ఫ్యాన్ హబ్బు, డ్యాంపరు విప్పి ముందు మూత తీయండి. పిన్ను బయటికి వస్తూ ఉంటే మెత్తగా కొట్టి లోపలికి పంపండి. పక్క బోల్టు కింద రేకు ముక్క లాంటి ట్యాబు పెట్టి పిన్నుకి అడ్డంగా బిగించండి. చేతిలో మూత ఉండగానే లోపలి గేర్ కేసు బోల్టులన్నీ ఒక్కొక్కటీ తీసి లాక్‌టైట్ వేసి బిగించండి, అవీ వదులవుతుంటాయి. ముందు క్రాంక్ సీలు కొత్తది వేసేటప్పుడు దాని అంచుకి నూనె రాయకూడదు. క్రాంకు మొనా సీలూ రెండూ పొడిగా, శుభ్రంగా ఉండాలి. నూనె రాసిన సీలు మొదటిరోజే కారుతుంది. డ్యాంపరు బోల్టులు 92 పౌండ్-అడుగులు, ఫ్లైవీల్ బోల్టులు 101.

వాల్వు గ్యాపులు ఇప్పుడే పెట్టేయండి, తర్వాత వెనక సిలిండర్లు ఫైర్‌వాల్ (ఇంజినుకీ క్యాబిన్‌కీ మధ్య గోడ) కిందికి వెళ్తాయి. ఇంజిను చల్లగా ఉండాలి. ఇన్‌టేకు 0.010 అంగుళం, ఎగ్జాస్టు 0.020. ఒకటో సిలిండరు కంప్రెషన్ టీడీసీలో (పిస్టను పూర్తిగా పైకి వచ్చిన చోట) పెట్టి ఇన్‌టేకు 1, 2, 4. ఎగ్జాస్టు 1, 3, 5 సరిచేయండి. ఒక పూర్తి చుట్టు తిప్పి ఇన్‌టేకు 3, 5, 6. ఎగ్జాస్టు 2, 4, 6. లాక్ నట్లు 18 పౌండ్-అడుగులు. టీడీసీ కోసం గేర్ కేసు వెనక ప్లాస్టిక్ పిన్ను ఉంటుంది, తిప్పేముందు దాన్ని బయటికి లాగడం మర్చిపోతే విరుగుతుంది.

ఇంజెక్షన్ పంపును మాత్రం కదిలించకండి. బాగా నడిచిన ఇంజిను అయితే పంపు ఉన్నచోటే ఉండనివ్వండి. టైమింగు చూసే సరంజామా లేకుండా పంపు గేరు వదిలితే మళ్ళీ కుదరదు.

బెల్ హౌసింగు వేశాక క్రాంకు మీద డయల్ గేజి పెట్టి హౌసింగు మధ్య రంధ్రం చుట్టూ తిప్పండి. సూది మొత్తం కదలిక 0.005 అంగుళం లోపు ఉండాలి. దాటితే ఆఫ్‌సెట్ డోవెల్సు వాడాలి. అడాప్టరు వేసినప్పుడు ఈ కొలత చూడని బండ్లలోనే పైలట్ బేరింగు పోతుంది, గేరు సరిగా పడదు, క్లచ్ ప్లేటు మధ్యలో పగులుతుంది. పాపం తప్పు గేర్‌బాక్సు మీద పడుతుంది.

బండి వైపు పని

6బీటీ ఖాళీగా దాదాపు 1,100 పౌండ్లు. తీసేస్తున్న ఫోర్డు 460 పెట్రోలు ఇంజిను 700 పౌండ్ల చుట్టూ, 300 ఆరు సిలిండర్లదయితే ఇంకా తక్కువ. అంటే ముందు ఇరుసు మీద 400 నుంచి 600 పౌండ్ల అదనపు బరువు. ఫోర్డు సొంత డీజిల్ బండ్ల ముందు స్ప్రింగులు స్క్రాపు యార్డులో దొరుకుతాయి, అవే వేయండి. షాకులు, బాల్ జాయింట్లు, ముందు బ్రేక్ హోసులు అప్పుడే మార్చేయండి. అసలు కొత్తగా బండి వెతుకుతున్నవారయితే 6.9 లేదా 7.3 డీజిల్ వీ8తో వచ్చిన ఎఫ్-250 చూడండి. ట్యాంకులు, రిటర్న్ లైన్లు, గట్టి స్ప్రింగులు, పెద్ద రేడియేటరు అన్నీ ముందే ఉంటాయి. సగం పని తగ్గుతుంది.

ఇంజిను లిఫ్టు గురించి ఒక హెచ్చరిక. రెండు టన్నుల క్రేను అని కొన్నదాని బూము పూర్తిగా సాగదీస్తే చాలా వాటికి అర టన్నే పరిమితి, బూము మీదే రాసి ఉంటుంది. ఇంజినూ గేర్‌బాక్సూ కలిపితే 1,300 పౌండ్లు. పికప్పు ముందు భాగం పొడవుకి బూము బాగా సాగదీయాల్సి వస్తుంది. గ్రిల్లు, బంపరు, రేడియేటరు సపోర్టు విప్పి క్రేనును దగ్గరికి తెచ్చుకోండి. లేదా పైన దూలానికి చైన్ బ్లాకు కట్టండి. ఎవరూ ఇంజిను కింద చేయి పెట్టకూడదు.

దించడం, గురి చూడడం

మొదట గేర్‌బాక్సును దాని సొంత చోట, ఫోర్డు క్రాస్ మెంబరు మీద కూర్చోబెట్టండి. ఇంజిను ఎక్కడ ఉండాలో బాక్సే చెబుతుంది. ఫ్యాను రేడియేటరుకి తగులుతుంటే రేడియేటరును ముందుకి జరపండి, ఇంజినును ఫైర్‌వాల్ లోకి నెట్టకండి. వెనక సిలిండరు వాల్వు కవరు ఊడి రావడానికి కనీసం ఒక అంగుళం వదలాలి. లేకపోతే తర్వాత గ్యాపులు చూడాలన్నా ఇంజిను దించాల్సి వస్తుంది.

ఈ ఇంజినుకి టర్బో, ఎగ్జాస్టు కుడివైపు. ఇంజెక్షన్ పంపు, ఇన్‌టేకు ఎడమవైపు. కుడివైపు ఫైర్‌వాల్ మీద ఏసీ, హీటరు డబ్బా ఉంటుంది కాబట్టి డౌన్‌పైపు అక్కడే ఇరుక్కుంటుంది. మధ్యలో రెండు అంగుళాల సందు, ఒక హీట్ షీల్డు లేకపోతే డబ్బా కరుగుతుంది. ఎడమవైపు కింద వ్యాక్యూమ్ పంపు, స్టీరింగ్ పంపు స్టీరింగ్ బాక్సుకి దగ్గరగా వస్తాయి, బ్రేకు పైపులు వాటి దారిలోంచి తప్పించండి.

మౌంటింగులకి 3/8 అంగుళం రేకు, డాడ్జ్ రబ్బర్లు వాడండి. ముందు నాలుగు చోట్ల చిన్న టాకులు వేసి ఆపండి. ఇప్పుడు ఇంజిను ఎత్తయిన చోట్ల ఆటబంకమట్టి ముద్దలు పెట్టి బానెట్ మూయండి. ముద్ద ఎంత అణిగిందో చూస్తే సందు తెలుస్తుంది. ఐడిల్‌లో ఈ ఇంజిను బాగా ఊగుతుంది, స్టార్టు, ఆఫ్ చేసేటప్పుడు ఇంకా ఎక్కువ. ఏ పక్కా అంగుళానికి తక్కువ సందు వద్దు. ముందు ఇరుసును జాకీతో పైకి పూర్తిగా ఎత్తి సంపుకి తగులుతోందేమో చూడండి. గేర్‌బాక్సు వెనక కొస కోణం, డిఫరెన్షియల్ పినియన్ కోణం ఒకదానికొకటి సమాంతరంగా, ఒక డిగ్రీ తేడా లోపు ఉండాలి. యూ జాయింటు కోణాలు మూడు డిగ్రీలు దాటితే 50 మైళ్ళ వేగంలో నేల వణుకుతుంది.

ఇవన్నీ కుదిరాకే ఇంజిను మళ్ళీ తీసి మౌంటింగులు పూర్తి వెల్డింగు చేయండి. బ్యాటరీ, డైనమో వైర్లు విప్పి ఉంచండి.

డీజిల్ లైన్లు

పెట్రోలు ట్యాంకును విప్పి కడిగి ఆరబెట్టండి. ట్యాంకు లోపలి ఎలక్ట్రిక్ పెట్రోలు పంపు తీసేసి నేరుగా పైపు దింపండి. 6బీటీకి క్యాము మీద నడిచే ఫీడ్ పంపు ఉంది, అది ట్యాంకు నుంచి పీల్చుకుంటుంది. పెట్రోలు పంపును అలాగే వదిలితే ఆ దారిలో అడ్డం.

ఫీడుకి కనీసం 3/8 అంగుళం లైను, రిటర్నుకి 5/16. రిటర్ను తప్పదు. ఇంజెక్షన్ పంపు వాడినదానికంటే ఎక్కువ డీజిలు తెప్పించుకుని చల్లబరుచుకుని మిగతాది వెనక్కి పంపుతుంది. రిటర్ను కొస, ఫీడు పైపు పక్కపక్కన పెట్టకండి, నురుగు పీలుస్తుంది. రెండు ట్యాంకులున్న బండిలో ట్యాంకు మార్చే వాల్వు రిటర్నునీ మార్చాలి. లేదంటే ఒక ట్యాంకు నుంచి తాగి రెండోదాంట్లో పోస్తుంది, నిండినదాని మూత నుంచి డీజిలు రోడ్డు మీద పడుతుంది.

పీ7100కి ఫిల్టరు తర్వాత 17 నుంచి 35 పీఎస్ఐ ఉండాలి. గేజి పెట్టి చూడండి. రిటర్నులో ఉండే ఓవర్‌ఫ్లో వాల్వు స్ప్రింగు నీరసిస్తే ప్రెషరు నిలవదు, బండి బరువు లాగదు. చాలామంది దీనికి ఇంజెక్టర్లు మార్చి డబ్బు వదిలించుకుంటారు. పొద్దున్నే చాలాసేపు సెల్ఫు కొడితే గాని స్టార్టు కాకపోతే ఫీడు వైపు ఎక్కడో గాలి పీలుస్తోంది. ఫీడ్ పంపుకి ముందు ఒక అడుగు పారదర్శక గొట్టం తాత్కాలికంగా పెడితే బుడగలు కనిపిస్తాయి.

కరెంటు

తక్కువే ఉంటుంది. ఉన్నది మాత్రం సరిగా ఉండాలి. రెండు బ్యాటరీలు పక్కపక్కనే ప్యారలల్‌గా, సెల్ఫుకి 2/0 సైజు కేబుళ్ళు. అర్తు కేబులు ఇంజిను బ్లాకుకి, అక్కడినుంచి ఛాసిస్‌కి, క్యాబిన్‌కి విడివిడిగా వెళ్ళాలి. క్యాబిన్ అర్తు మర్చిపోతే సెల్ఫు కరెంటు యాక్సిలరేటర్ వైరులోంచి వెళ్ళి దాన్ని ఎర్రగా కాల్చేస్తుంది.

వీఈ పంపుకి ఆపే సొలినాయిడు ఒకే వైరు, తాళం తిప్పితే 12 వోల్టులు. పీ7100కి బయట పెద్ద సొలినాయిడు లివరును పైకి లాగి పట్టుకుంటుంది. అందులో రెండు చుట్టలు: లాగే చుట్ట, పట్టుకునే చుట్ట. లాగేదానికి సెల్ఫు తిరిగినంతసేపే, రిలే ద్వారా కరెంటు ఇవ్వాలి. తాళం వైరుకి నేరుగా కలిపితే నిమిషాల్లో కాలిపోతుంది. పట్టుకునేదానికి తాళం వైరు.

డాడ్జ్ డైనమోకి రెగ్యులేటరు ఆ బండి కంప్యూటరులో ఉంటుంది. మీ దగ్గర ఆ కంప్యూటరు లేదు. కాబట్టి బయటి రెగ్యులేటరు పెట్టండి, లేదా రెగ్యులేటరు లోపలే ఉన్న డైనమో వేయండి. ఫోర్డు టాకోమీటరు ఇగ్నిషన్ కాయిలు నుంచి చదువుతుంది, ఇప్పుడు కాయిలే లేదు. డైనమో డబ్ల్యూ టెర్మినల్ నుంచి చదివేది కొనండి. టర్బోకి ముందు ఎగ్జాస్టు వేడి చూపే గేజి, బూస్టు గేజి, ఆయిల్ ప్రెషరు గేజి తప్పక పెట్టండి. ఎగ్జాస్టు వేడి 1,250 ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటి ఎక్కువసేపు నడపవద్దు.

గ్లో ప్లగ్గులు ఉండవు. ఇన్‌టేకులో రెండు గ్రిడ్ హీటర్లు ఉంటాయి, ఒక్కోటీ దాదాపు 95 ఆంపియర్లు లాగుతుంది. వాటిని వాటి సొంత సొలినాయిడ్లతో, ఒక బటను మీద నడపవచ్చు. టెక్సాస్ లాంటి వేడి చోట్ల కొందరు అసలు కలపరు. కలిపినా కలపకపోయినా ఈథర్ స్ప్రే కొట్టకండి. ఎర్రగా కాలిన గ్రిడ్ మీద ఈథర్ పడితే ఇన్‌టేకు పేలుతుంది.

బ్రేకులు

డీజిలుకి ఇన్‌టేకులో వ్యాక్యూమ్ ఉండదు. పెట్రోలు బండి బూస్టరు దాని మీదే బతికింది. డాడ్జ్ ఇంజిను మీద గేరుతో తిరిగే వ్యాక్యూమ్ పంపు, స్టీరింగ్ పంపు జంటగా ఉంటాయి. వ్యాక్యూమ్ గొట్టాన్ని ఫోర్డు బూస్టరుకి కలపండి, చెక్ వాల్వు ఉండాలి. ఐడిల్‌లో గేజి 20 అంగుళాల పైన చూపించాలి. హీటరు తలుపులు, క్రూయిజ్ కూడా ఇక్కడినుంచే తీసుకుంటాయి. ఈ జంట మధ్య సీలు కారడం మామూలు, బయట ఉండగానే మార్చేయండి. బ్రేకు పెడలు పరీక్షించకుండా బండిని షెడ్డు దాటించవద్దు.

మొదటి స్టార్టు

15డబ్ల్యూ-40 డీజిల్ ఆయిలు, ఫిల్టరుతో కలిపి దాదాపు 11 క్వార్టులు. ఫిల్టరును ముందే నింపండి. టర్బో ఆయిల్ పైపు విప్పి అందులో కాస్త నూనె పోయండి. ఇప్పుడు డీజిల్ సొలినాయిడు వైరు తీసేసి, ఆయిల్ ప్రెషరు గేజి లేచేదాకా సెల్ఫు కొట్టండి. ఒక్కోసారి 15 సెకన్లు, మధ్య రెండు నిమిషాల విరామం. సెల్ఫు టకమని ఊరుకుంటే చాలావరకు లోపలి రాగి కాంటాక్టులు అరిగినవే. అవి విడిగా చవగ్గా దొరుకుతాయి, సెల్ఫు మొత్తం మార్చకండి.

ఎయిర్ లాకు తీయడానికి ఫీడ్ పంపు మీది రబ్బరు బటను గట్టిపడేదాకా నొక్కండి. సొలినాయిడు వైరు తిరిగి కలపండి. మూడు ఇంజెక్టర్ల దగ్గర పైపు నట్లు ఒక చుట్టు వదులు చేసి సెల్ఫు కొట్టండి. డీజిలు చిమ్మగానే ఒక్కొక్కటీ బిగించండి. చేయి దగ్గర పెట్టవద్దు. ఆ ప్రెషరు చర్మంలోకి డీజిలు ఎక్కిస్తుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాల్సిన దెబ్బ అది.

స్టార్టు చేసేముందు ఇన్‌టేకు పైపు విప్పి పక్కన ఒక ప్లైవుడ్ ముక్క సిద్ధంగా ఉంచండి. ఇంజిను అదుపు తప్పి పరిగెడితే తాళం తీసినా ఆగదు. గాలి మూస్తేనే ఆగుతుంది. అరచేయి అడ్డం పెట్టకూడదు, చెక్కే పెట్టాలి. యాక్సిలరేటరు పెడలు వదిలితే లివరు పూర్తిగా వెనక్కి వస్తోందని, ఆపే లివరు చేత్తో కదులుతోందని ముందే చూసుకోండి.

మొదట తెల్లపొగ, తడబాటు మామూలే. ఐదు నిమిషాల్లో సర్దుకోవాలి. వేడెక్కినా తెల్లగానే వస్తే గాలి మిగిలి ఉంది, లేదా టైమింగు. నల్లపొగతో బలం లేకపోతే ఇంటర్‌కూలరు గొట్టాల క్లాంపులు చూడండి, బూస్టు ఊడిపోతోంది. నీలంగా ఉంటే టర్బో సీలో, రింగులో.

రోడ్డు మీదకి

మొదటి వంద మైళ్ళు ట్రెయిలరు లేకుండా తిప్పండి. తర్వాత మౌంటింగు, అడాప్టరు, ఎగ్జాస్టు బోల్టులన్నీ మళ్ళీ బిగించండి. రేడియేటరు చల్లారాక నీరు తగ్గిందేమో చూసి నింపండి. క్లచ్ కుదురుకునేదాకా పంపు స్క్రూల జోలికి పోవద్దు. వీఈ మీద ఫ్యూయల్ స్క్రూ అర చుట్టు తిప్పితే పొగ ఎంత పెరుగుతుందో క్లచ్ మీద బరువు అంత పెరుగుతుంది.

ఆ తర్వాత హైవే పక్క ట్రక్ స్టాపులో ఉండే క్యాట్ తూకం మీదికి బండిని ఎక్కించి ముందు ఇరుసు బరువు విడిగా తీసుకోండి. తలుపు స్టిక్కరు మీద ముందు ఇరుసుకి రాసిన పరిమితితో పోల్చండి. దాటి ఉంటే స్ప్రింగు మార్చినా సరిపోదు. స్ప్రింగు ఎత్తు ఇస్తుంది గానీ ఇరుసు, బేరింగు, టైరు బలం పెంచదు. ఎఫ్-350 ముందు ఇరుసు వేయాల్సిందే. పరిమితి లోపే ఉన్నా టూ వీల్ బండికి ఎలైన్‌మెంటు తప్పదు. ట్విన్ ఐ బీమ్ సస్పెన్షన్‌లో ఎత్తు మారితే క్యాంబరు (చక్రం నిలువు వాలు) మారుతుంది. ముందు భాగం కిందికి కూర్చుంటే టైరు లోపలి అంచు త్వరగా అరిగిపోతుంది. ఎక్కువ తక్కువ సర్దే క్యాంబరు బుష్షులు కొని చేతికిచ్చి ఎలైన్‌మెంటు చేయించండి, ఫ్యాక్టరీ బుష్షులతో ఆ సర్దుబాటు కుదరదు.